పాతర కేసులో హంతకుడెవరు?

ఈ మధ్య వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కొందరు పిల్లలు మోటారు సైకిళ్ల మీద గద్వాలకు వచ్చి నా తలుపు తడుతున్నారు. ఫోన్లో వినే క్రైం కథలు రాస్తారట. "తాతా, సస్పెన్స్ ఎట్ల పెట్టాలె?" అని అడుగుతారు. టీ తాగుతారు, బిస్కెట్లు తింటారు, నా జవాబు సగంలో ఉండగా ఎవరిదో ఫోన్ మోగి లేచిపోతారు. "సస్పెన్స్ అంటే ఇదే నాయనా, సగంలో లేచిపోవడం" అని మొన్న వాళ్ల వెనక కేకేశాను. బండి చప్పుడులో వినబడలేదు. అందుకే రాసి పెడుతున్నాను. కాగితం సగంలో లేచిపోదు.

ఎన్ని నవలలు రాశానో చెప్పను, నాకే గుర్తులేదు. సన్మానాలు, శాలువాల సంగతి కూడా చెప్పను. శాలువాలు చలికాలంలో పనికొచ్చాయి, అంతవరకే. ఈ పని లోపల ఎట్లా ఉంటుందో, దాన్ని నాకు నేర్పిన ఒకే ఒక్క కేసు ఏమిటో, అది చెప్తాను.

ఎనిమిదో తరగతి ప్రొఫెసర్

నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో. లెక్కల పుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదువుతుంటే సారు పట్టుకున్నాడు. నవల లాక్కున్నాడు. మరుసటి రోజు అడిగితే "ఇంక కాలేదురా, రేపు రా" అన్నాడు. హంతకుడెవరో తెలియకుండా ఆ బడికి పోవడం నా వల్ల కాలేదు. మా నాయిన నన్ను తీసుకుపోయి పల్లికాయల మిల్లులో పెట్టాడు.

మిల్లులో పని తక్కువ, లారీల కోసం ఎదురుచూపు ఎక్కువ. ఆ ఎదురుచూపులో గద్వాలలో దొరికే డిటెక్టివ్ పుస్తకాలన్నీ అయిపోయాయి. చదవడానికి ఇంకేమీ లేక రాయడం మొదలుపెట్టాను. చాలామంది రచయితలు సమాజం కోసం కలం పట్టామంటారు. నేను లారీ ఆలస్యమైనందుకు పట్టాను.

మొదటి నవలను విజయవాడలో ప్రకాశరావుగారనే పబ్లిషరుకు పంపాను. ఆయన వేసుకున్నాడు. కాని నా పేరు బాగాలేదని ‘ప్రొఫెసర్ మార్తాండ్’ అని అచ్చువేశాడు. ఎనిమిదో తరగతి దాటనివాడికి ప్రొఫెసర్ గిరీ ఇచ్చిన ఘనత ఆయనదే. తర్వాత మిల్లు మానేసి బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు పెట్టుకున్నాను. కౌంటర్ వెనక కూర్చుని రాసేవాణ్ని, కౌంటర్ మీద అద్దెకిచ్చేవాణ్ని. పాఠకుడు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అతని ముఖం చూస్తే చాలు, విమర్శ అక్కడే అయిపోయేది.

ప్రకాశరావుగారు మంచి బాస్. ఆయన సూత్రాలు సూటిగా ఉండేవి. "మొదటి ఫారంలో శవం పడాలండీ. మధ్యలో అందరి మీదా అనుమానం రావాలి. చివర్లో హంతకుడు పరుగెత్తాలి, మనవాడు వెంటపడాలి. సాహిత్యమంటే అంతేనండీ." ఫారం అంటే ఒక దఫా అచ్చయ్యే పేజీలు. నా నవలల్లో శవాలన్నీ ఆ పేజీల్లోపే పడ్డాయి. నా డిటెక్టివ్ సుధాంశు ఓవర్‌కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, వానలో నిలబడి సిగరెట్ కాల్చేవాడు. గద్వాల ఎండాకాలంలో బనియను పిండుకుంటూ వాన గురించి, ఓవర్‌కోటు గురించి రాయడం ఎంత కష్టమో రాసినవాడికే తెలుసు.

ఆ సూత్రాలను తీసిపారేయకండి. అవి తెలియకుండా వాటిని మీరటం కుదరదు. నేను ఒక్కసారి మీరాను. ఆ ఒక్కసారి ఎందుకు మీరానంటే, హనుమంతు అనేవాడు షాపుకు వచ్చాడు కాబట్టి.

బొంబాయిలో సూర్యోదయం

ఎనభైల నాటి మాట. ఒక మధ్యాహ్నం నలిగిన చొక్కా వేసుకున్న మనిషి నా నవల ఒకటి పట్టుకుని వచ్చాడు. అద్దెకు తీసుకున్నది కాదు, కొన్నది. అట్ట ఊడిపోయింది.

"ప్రొఫెసర్ సారు ఉన్నడా?"

"నేనే."

నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "మస్కిరి చెయ్యకన్నా. సారును పిలువు."

నేనే అని నమ్మించడానికి నా చేతిరాతా, ప్రూఫులూ చూపించాల్సి వచ్చింది. నమ్మాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయితే ఒక మాట చెప్త, కోపం చేయొద్దు. ఈ పుస్తకంల బొంబాయి సముద్రంల సూర్యుడు పుడ్తుంటే హంతకుడు దొరికిండని రాసినవ్. బొంబాయిల సూర్యుడు సముద్రంల ముంగుతడన్నా. నేను ఆడ మట్టిపని చేస్త. రోజూ చూస్త."

ఆ నవల రెండుసార్లు అచ్చయింది. ఎవరూ చెప్పలేదు. "మరి హంతకుడు పొద్దుటిపూట దొరికిండు, నేనేం చేయను?" అన్నాను.

"సాయంత్రం దాకా ఆగమనాల్సింది" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. తర్వాత అతను నవ్వడం ఆపేశాడు. వచ్చింది సూర్యుడి కోసం కాదని అప్పుడు తెలిసింది. అతనిది గట్టు అనే ఊరికి అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరున్న ఒక ఊరు. ఊరి పేరు రాయను. కాని అతను ఆ ఊళ్లో పుట్టలేదు, ఉండలేదు. వాళ్ల నాయిన ఎల్లప్పను ఆ ఊరు ఎప్పుడో వెళ్లగొట్టింది. రాయచూరు అవతల ఎక్కడో బతుకుతున్నారు.

"నీ పుస్తకాలన్నిట్ల దొంగను పట్టిస్తవ్ కద. మా నాయిన సంగతి తెలుసుకో అన్నా. దొంగయితే దొంగ. కాకపోతే కాదు. ముసలోడు ఇగ ఎక్కువ రోజులుండడు. ఒక్కసారి ఊరు చూడాలంటడు. పొలిమేర దాక వచ్చి ఏడ్చుకుంట వాపస్ పోతున్నడు."

"మీ నాయిననే అడగకపోయినవ్?"

"అడిగిన. ‘అవును, క్యాంపోళ్లను నేనే తోల్కపోయిన’ అంటడు. ఇంకో మాట చెప్పడు."

నా దగ్గరికి అంతకుముందు ఎందరో వచ్చి ‘నా జీవితమే ఒక నవల’ అన్నారు. వాళ్లను టీ తాగించి పంపించేవాణ్ని. ఇతను నవల రాయమనలేదు. తీర్పు అడిగాడు.

క్యాంపు

నలభై ఎనిమిదిలో, పోలీస్ యాక్షన్‌కు ముందు నెలల్లో ఆ ఊళ్లో తుపాకుల క్యాంపు ఒకటి దిగింది. ఊరు ఇప్పటికీ వాళ్లను ‘క్యాంపోళ్లు’ అనే అంటుంది, నేనూ అదే రాస్తాను. కోళ్లు, గొర్లు, జొన్నలు, ఏది కనబడితే అది పట్టుకుపోయేవారు. ఎదురు చెప్పినవాణ్ని చావడి ముందు కట్టేసి కొట్టేవారు. పొద్దున లేస్తూనే మగవాళ్లంతా గుట్టల్లోకి పోయేవారు. పగలంతా ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలే.

నర్సన్న అనే రైతు ఇంటి వెనక జొన్నల పాతర ఉండేది. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నేలలో తవ్విన గింజల గొయ్యి అది. మూతి ఇరుకు, కడుపు వెడల్పు. చుట్టూ గడ్డి పరిచి జొన్నలు నింపి, మూతి మీద బండ పెట్టి, మట్టితో మెత్తుతారు. మీద పేడ అలికితే అక్కడ పాతర ఉందని పొరుగువాడికి కూడా తెలియదు. నర్సన్న పాతర జాడ ఇంటివాళ్లకు, జీతగాడు ఎల్లప్పకు మాత్రమే తెలుసు.

ఊరు చెప్పే కథ ఇదీ. ఎల్లప్ప పోయి క్యాంపులో పాతర జాడ చెప్పాడు. క్యాంపోళ్లను వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. నర్సన్న అడ్డం తిరిగితే గొంతు పిసికి అదే పాతరలో వేశారు. జొన్నలు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, క్యాంపు పారిపోయింది. ‘క్యాంపుకు జాడలు మోసినవాళ్లెవరు?’ అని ఊరు వెతకడం మొదలుపెట్టింది. ఎల్లప్ప పెండ్లాంతో సహా రాత్రికి రాత్రి మాయమయ్యాడు. పారిపోయాడు కాబట్టి తప్పు చేసినట్టే. నర్సన్నకు ఊరి నడుమ అమరుడని రాయి పాతారు. కొడుకు బుచ్చన్న పెద్దవాడై సర్పంచయ్యాడు. ఏటా ఆ రాయి దగ్గర జెండా ఎగరేసి వాళ్ల నాయిన గురించి మాట్లాడతాడు.

నేను బస్సులో గట్టు దాకా, అక్కడి నుంచి ఎవరి బండి దొరికితే ఆ బండి మీద, ఆ ఊరికి తిరగడం మొదలుపెట్టాను. ‘పోలీస్ యాక్షన్ మీద పుస్తకం రాస్తున్న’ అంటే అందరూ మంచం వేసి కూర్చోబెట్టారు. అందరూ అదే కథ చెప్పారు. అవే మాటలు, అదే వరస. ‘గొంతు పిసికి పాతర్ల ఏసిండ్రు’ అనే దగ్గర అందరి చెయ్యీ ఒకే తీరుగా మెడ దగ్గరికి పోయేది.

పిల్లలూ, ఇది రాసుకోండి. నిజంగా చూసినవాళ్ల మాటలు కలవవు. ఒకడు ఎర్రగుర్రమంటాడు, ఇంకొకడు నల్లగుర్రమంటాడు. అందరి మాటా ఒక్కటైతే వాళ్లంతా ఎక్కడో ఒక్కచోట విన్నారన్నమాట. ఏటేటా జెండా కింద విన్నారు.

కథ వినడం ఆపి, ప్రతివాణ్నీ ఒక చిన్న ప్రశ్న అడిగాను. "వాళ్ల చేతుల ఏముండె?"

చాలామంది ‘తుపాకులు’ అన్నారు. చావడి అరుగు మీద బీడీ తాగుతున్న ఒక ముసలాయన మాత్రం ఆలోచించాడు. "ఆ పొద్దు తుపాకులు యాడివి? గుట్ట కింద పొదల్ల దాక్కొని నేను చూసిన. తాడు పట్కొని ఉరికిండ్రు. గుర్రాలను కట్టే తాడు. ఎల్లప్ప ముంగట ఏడ్చుకుంట ఉరుకుతుండె."

"సంచులు?"

"సంచులు తెల్లారి తెచ్చిండ్రు. బండి కట్టుకొని."

నా నవలల్లో సుధాంశు ఇలాంటిచోట సిగరెట్ ముట్టిస్తాడు. నేను ముసలాయన బీడీ ఒకటి అడుక్కున్నాను. జొన్నలు దోచడానికి వచ్చేవాడు సంచులు తెస్తాడు. ముందురోజు తాడు పట్టుకుని పరుగెత్తుకు రావడమెందుకు?

ఎల్లప్ప

హనుమంతు నన్ను వాళ్ల నాయిన దగ్గరికి తీసుకుపోయాడు. రాయచూరు దాటాక బస్సు దిగి నడిచాం. ఎల్లప్ప గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. సగం కన్నడం, సగం మన మాట. నన్ను చూసి "పోలీసా?" అన్నాడు.

"కాదు నాయినా, కథలు రాస్తడు" అన్నాడు హనుమంతు.

"పోలీసయితే బాగుండె" అన్నాడు ముసలాయన. "పోలీసోడు ఒక్కసారే అడిగి పోతడు."

నేను క్యాంపు మాట ఎత్తలేదు. "ఎల్లన్నా, ఆ పొద్దు తాడెందుకు తెమ్మన్నవ్?" అన్నాను.

హనుమంతు నా ముఖంలోకి చూశాడు. ఎల్లప్ప నేలలోకి చూశాడు. తర్వాత అన్నాడు: "నేను దీపం పెట్టకపోతి."

"దీపమేంది నాయినా?" హనుమంతు లేచి నిలబడ్డాడు.

పాతర తీయడానికి ఒక పద్ధతుంది. మూత తీసి, ఒక పూటో రోజో అట్లాగే వదిలేయాలి. లోపల ఊరిన గాలి విషం. తర్వాత దీపం తాడుకు కట్టి లోపలికి దించాలి. దీపం వెలిగితే మనిషి దిగొచ్చు. ఆరిపోతే దిగకూడదు. మా అమ్మ కూడా దించేది, నేను చిన్నప్పుడు చూశాను. నర్సన్న ఇంట్లో ఆ దీపం దించే పని జీతగాడిది, అంటే ఎల్లప్పది.

"ఇంట్ల గింజ లేదు" అన్నాడు ఎల్లప్ప. "క్యాంపోళ్లు దూరం పోయిండ్రని చెప్పుకున్నరు. నర్సన్న గుట్ట దిగి వచ్చిండు. ఇద్దరం మూత లేపినం. పాతర వాసన నీకెరికేనా? మూత లేపితే వాడంత కొడ్తది. ‘అన్నా, దీపం దించుత, జర ఆగు’ అన్న. ‘ఆగితే వాసన చావడి దాక పోతది, క్యాంపుల ఎవడన్న మిగిలి ఉంటడు’ అన్నడు. దిగిండు. ఒక గంపెడు ఎత్తిండు. రెండోసారి పిలిస్తే పలకలే. నేను దిగబోయిన, తల తిరిగి కాళ్లు పోయినయ్. ఎట్లనో మీదికొచ్చి పడ్డ. మగపురుగు లేదు ఊర్ల. ఇగ ఎవర్ని పిలవాలె?"

క్యాంపులో నిజంగానే కొందరు మిగిలి ఉన్నారు. ఎల్లప్ప పరుగెత్తింది వాళ్ల దగ్గరికే. వాళ్లు తాడు పట్టుకుని వచ్చారు. వాళ్లలో ఒక కుర్రాడు మూతికి గుడ్డ కట్టుకుని, నడుముకు తాడు కట్టించుకుని దిగి నర్సన్నను పైకి తెచ్చాడు. అప్పటికే ప్రాణం లేదు. మరుసటి రోజు అదే మనుషులు బండి కట్టుకొచ్చి జొన్నలన్నీ ఎత్తుకుపోయారు.

ఇక్కడ తొందరపడి క్యాంపుకు మంచిపేరు పెట్టకండి. ఒక మనిషిని పైకి లాగినంత మాత్రాన వాళ్లు కొట్టిన దెబ్బలు మాయం కావు. దెబ్బలు కొట్టారు కాబట్టి ఆ తాడు అబద్ధమూ కాదు. రెండూ రాయాలి. రెండూ రాయలేనివాడు ఓవర్‌కోటు కథలు రాసుకోవడం మేలు.

"మరి ఈ మాట ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" హనుమంతు అడిగాడు.

"చెప్పి? దీపం నా పని. దించకపోతి. మనిషి సచ్చిపాయె. ఊరు వేరే తప్పుకు తిట్టింది, గంతే. తప్పయితే నాదే కద."

హనుమంతు వాళ్ల నాయిన పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఎవరూ అడగని మనిషి

ఎల్లప్ప మాట ఒక్కటే చాలదు. నిందపడినవాడు తన గురించి చెప్పుకునేది ఏ ఊరూ వినదు. ఆ రోజు ఇంట్లో ఇంకొకరు ఉండి ఉండాలి. నర్సన్న భార్య సవారమ్మ, చంకలో చంటి బుచ్చన్న. అన్నిసార్లు ఊరికి పోయి నేను ఆమెను కలవనే లేదు. ‘పెద్దమనిషి, పాపం, ఆమెనెందుకు కదిలించుడు’ అని ఊరివాళ్లన్నారు, నేనూ సరే అనుకున్నాను.

సవారమ్మ వాకిట్లో చాటతో జొన్నలు చెరుగుతోంది. బుచ్చన్న అరుగు మీద ఎవరితోనో పంచాయతీ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి "రా సారూ, పుస్తకం ఎంత దాక వచ్చింది? నాయిన ఫొటో లేదు, రాయి ఫొటో ఇస్త" అన్నాడు.

"అమ్మతోని రెండు మాటలు మాట్లాడుత."

"అమ్మకేం తెలుసు? అన్నీ నేను చెప్త గద."

చాట ఆగింది. "ఏం గావాలె కొడుకా?" అంది సవారమ్మ నన్ను చూసి.

"అమ్మా, ఆ రోజు ఏమయింది?"

"అందరు చెప్పలేదా?"

"చెప్పిండ్రు. నువ్వు చెప్పలేదు."

ఆమె చాట కింద పెట్టింది. "మా ఆయన ఎట్ల సచ్చిండో ఊరంత నాకే చెప్తరు. ఏటేటా నా కొడుకు మైకు పట్టుకొని నాకే చెప్తడు. నన్నెవరడిగిండ్రు?"

బుచ్చన్న మాట ఆపి ఇటు తిరిగాడు. పంచాయతీకి వచ్చినవాడు మెల్లగా చెప్పులు వేసుకున్నాడు.

"నిన్న ఎల్లప్పను చూసొచ్చిన అమ్మా" అన్నాను.

ఆమె రెండు చేతులూ నేలకు ఆనించింది. "ఎల్లప్ప బతికున్నడా?"

"ఉన్నడు."

"దేవుడా! నేను వానికి సచ్చిపోయినోళ్లతోపాటు దీపం పెడుతున్న గద కొడుకా."

"ఎవనికి దీపం పెడుతున్నవే అమ్మా?" బుచ్చన్న అరుగు దిగాడు. "నాయినను చంపించినోనికా?"

"నోరు ముయ్" అంది. ఆ మాటలో అరుపు లేదు. "క్యాంపుకు ఉరకమని చెప్పింది నేను. ఎల్లప్ప పోనన్నడు. ‘వదినా, ఆళ్లొస్తే జొన్నలు పోతయ్’ అన్నడు. ‘జొన్నలు పోనీ, మనిషిని తియ్యాలె, ఉరుకు’ అన్న. నిన్ను చంకలేసుకొని నేను అన్న."

"మరి..."

"మరి మీ తాత అన్నడు, కోడలు క్యాంపోళ్లను పిలిపించిందంటే ఊరు మనల్ని బతకనిస్తదా, నోరు కుట్టుకో అని. కుట్టుకున్న. ఆయన సచ్చినంక ఇప్పుదామంటే ఎల్లప్ప లేడు, అడిగేటోడు లేడు, నువ్వేమో ఆ రాయి కాడ జెండ ఎత్తినవ్."

బుచ్చన్న ముఖం నల్లబడింది. నా వైపు తిరిగాడు. "సారూ, ఇది రాస్తే ఏమైతదో ఎరికేనా? నాయిన గాలి ఆడక సచ్చిండని రాస్తవా? అమరుడంటే నవ్వరా నన్ను?"

"నవ్వనీ" అంది సవారమ్మ. "ఆకలైతే పెండ్లాంపిల్లల కోసం పాతర్ల దిగిండు మీ నాయిన. దానికి రాయి పెట్టరాదా? పెట్టు. గాని ఇప్పుడున్న రాయి కింద మీ నాయిన లేడు కొడుకా. ఎల్లప్ప ఉన్నడు. ఇన్నేండ్లు వాని మీదనే నిలబెట్టినవ్ దాన్ని."

ఆ మాట నేను రాసింది కాదు. నా నవలల్లో అంత మంచి వాక్యం ఒక్కటి కూడా లేదు. బుచ్చన్న చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను లేచి, "రాయనా అమ్మా?" అన్నాను. "రాయి. పేర్లు మార్చకు" అంది.

"హంతకుడేడండీ?"

నవల రాశాను. ఓవర్‌కోటు లేదు, వాన లేదు. ఊరుంది, క్యాంపు ఉంది, పాతర ఉంది. ప్రకాశరావుగారు చదివి నన్ను విజయవాడకు పిలిపించారు.

"మార్తాండ్ గారూ, మొదటి ఫారంలో శవం పడింది. బాగుంది. అందరి మీదా అనుమానం వచ్చింది. చాలా బాగుంది. హంతకుడేడండీ?"

"లేడు."

"లేకపోతే ఎట్లాగండీ? పాఠకుడు చివరిదాకా ఎందుకు చదివినట్టు? ఆ జీతగాణ్నే హంతకుణ్ని చేసేయండి. చివర్లో పరుగు కూడా వస్తుంది. రాయచూరు వైపు పరుగెత్తుతాడు, సుధాంశు జీపులో వెంటపడతాడు."

నా వృత్తి మొత్తంలో ఆయన మాట కాదన్నది ఆ ఒక్కసారే. "సార్, ఆ పని ఊరు ఎప్పుడో చేసింది. నలభై ఏండ్లుగా వాణ్ని చివరి పేజీలో పరుగెత్తిస్తనే ఉంది. అదే నేనూ రాస్తే నా పేరెందుకు, ఊరి పేరు వేసుకోండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వ్యాపారస్తుడే గాని రాయి కాదు. "పేర్లు మారుద్దాం, లేకుంటే కోర్టుకీడుస్తారు. అట్ట నాకొదిలేయండి" అన్నారు. పేర్ల విషయంలో సవారమ్మ మాట నిలబెట్టలేకపోయాను. అట్ట ఆయనకొదిలేశాను. నవల వచ్చింది. అట్ట మీద రివాల్వర్ పట్టుకున్న అమ్మాయి, వెనక కారు. నవల్లో అమ్మాయీ లేదు, కారూ లేదు, రివాల్వరూ లేదు.

నా షాపులో అద్దెకు తీసుకున్నవాళ్లు వరసగా తిరిగొచ్చారు. "అన్నా, చివరి పేజీలు చిరిగినట్టున్నయ్. హంతకుడు దొరకలే" అని ఒకడు. "ఎవడో చింపిండన్నా, వేరే పుస్తకమియ్యి" అని ఇంకొకడు. మల్దకల్ నుంచి వచ్చే ఒక టైలర్ మాత్రం పుస్తకం కౌంటర్ మీద పెట్టి, "మా ఊర్ల గూడ ఒక ఎల్లప్ప ఉన్నడన్నా" అన్నాడు. బస్సుకు వెళ్లిపోయాడు. ఒక పుస్తకం పనిచేసిందో లేదో తెలియడానికి అట్లాంటి పాఠకుడు ఒకడు చాలు.

ఈ ముక్క కొత్తగా రాసేవాళ్ల కోసం. మనవైపు ఆ రోజుల్ని మీరు కథల్లోకి తెచ్చినప్పుడు తుపాకులు, జెండాలు తేలిగ్గా వస్తాయి. తుపాకీ వెళ్లిపోయాక ఊళ్లో మిగిలే అనుమానం కష్టంగా వస్తుంది. క్యాంపు కొన్ని నెలలే ఉంది. ‘ఎవడు చెప్పాడు?’ అన్న ప్రశ్న ఒక మనిషి బతుకంతా ఉంది. దానికి జవాబు కావాలని ఊరంతా తొందరపడింది. ఆ తొందరలో ఎవరు దొరికితే వాణ్ని పట్టుకుంది. మనం క్రైం రచయితలం, మనదీ ఆ తొందరే. చివరి పేజీకి ఎవడో ఒకడు దొరకాలి మనకు. రాసే చేతిని అక్కడ కొంచెం ఆపుకోండి.

పాతర తీసిన రోజు

నవల వచ్చాక బుచ్చన్న మా షాపుకు వచ్చాడు. కొట్టడానికేమోనని కుర్చీ వెనక్కి జరిపాను. ఏమీ కొనలేదు, ఏమీ తిట్టలేదు. "అమ్మ ఇంటి పాతర తీయిస్తది. ఎల్లప్పను తోల్కరమ్మన్నది. నాకు వాళ్ల జాగ తెల్వదు" అన్నాడు.

నర్సన్న చచ్చిపోయిన పాతరను మట్టితో ఎప్పుడో పూడ్చేశారు. ఈ పాతర వేరు, ఇంటికి ఇంకోపక్కన ఉంది. ఆ ఊళ్లో అప్పటికి మిగిలిన పాతరలు తక్కువ. అందులో ఇదొకటి.

పొద్దున్నే హనుమంతు వాళ్ల నాయిన చెయ్యి పట్టుకుని బండి దించాడు. ఊళ్లోకి రాగానే ఎల్లప్ప చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వాకిట్లో జనం బాగానే చేరారు. కొందరు ఎల్లప్పను చూడటానికి, కొందరు బుచ్చన్న ఏంచేస్తాడో చూడటానికి. బీడీ ముసలాయన ముందు వరసలో కూర్చున్నాడు.

"చెప్పులేసుకో ఎల్లప్పా" అంది సవారమ్మ. "ఎండకు కాళ్లు కాల్తయ్."

అతను వేసుకోలేదు. ఆమెను చూస్తూ నిలబడ్డాడు. "వదినా, ముసలిదానివైనవ్" అన్నాడు.

"నువ్వేమో పెండ్లికొడుకు లెక్కున్నవ్" అంది. జనంలో ఎవరో ఫక్కుమన్నారు. దాంతో వాకిలి కొంచెం తేలికపడింది.

బుచ్చన్న మట్టి తవ్వించి మూత బండ లేపించాడు. పాతర వాసన వాడంతా కొట్టింది. పాత జొన్నలు, తడి మట్టి, గడ్డి కలిసిన పులిసిన వాసన. ఎల్లప్ప ఆ వాసనకు కళ్లు మూసుకున్నాడు. బుచ్చన్నకు పనిమీద ఆగే అలవాటు లేదు. గంప అందుకుని మూతి దగ్గరికి పోయాడు.

"ఆగు" అంది సవారమ్మ. లోపలి నుంచి దీపం తెచ్చింది. కొడుకు చేతికివ్వలేదు. ఎల్లప్ప చేతికిచ్చింది. "నీ పని" అంది.

ఎల్లప్ప తాడు అందుకున్నాడు. హనుమంతు సాయం పోబోతే మోచేత్తో నెట్టాడు. దీపాన్ని తాడుకు తనే కట్టాడు, తనే దించాడు. అందరం మూతి చుట్టూ వంగి చూశాం. వెలుగు సగం దాకా దిగి, చిన్నదై, నీలమై, ఆరిపోయింది.

బుచ్చన్న చేతిలో గంప అట్లాగే ఉంది. ఎల్లప్ప తాడు పైకి లాగి, ఆరిన దీపాన్ని పక్కన పెట్టి, బుచ్చన్నను చూసి అన్నాడు: "జర ఆగాలె కొడుకా."

బుచ్చన్న గంప కింద పెట్టాడు. పెట్టి, అరుగు మీద ఎల్లప్ప పక్కన కూర్చున్నాడు. సవారమ్మ చల్ల ముంత తెచ్చి మొదట ఎల్లప్పకు పోసింది. హనుమంతు నా చెవిలో "అన్నా, సాయంత్రం దాకనా?" అన్నాడు. "సూర్యుడు ముంగేదాకా" అన్నాను.

నా నవలలన్నింటిలోనూ చివరి అధ్యాయంలో ఎవరో ఒకరు పరుగెత్తుతారు. ఆ రోజు ఎవరూ పరుగెత్తలేదు. మూత తీసిన పాతర చుట్టూ, లోపలి గాలి మారేదాకా, ఊరంతా కూర్చుంది.